తాళం అడిగి తీసుకున్నారు

అమ్మలూ,

గేమ్ కంపెనీలో ఐటీ సపోర్ట్ ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఇంకా విడుదల కాని ఆటల సోర్స్ కోడ్ ఉండే సర్వర్లకి లాగిన్లు ఇచ్చేది మీ టీమేనట. అది విన్నప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

2021లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీలోకి దొంగలు గోడ దూకి రాలేదు. కొట్టేసిన లాగిన్ కుకీని పది డాలర్లకి కొని, కంపెనీ వాళ్లు మాట్లాడుకునే స్లాక్ చాట్‌లోకి దూరారు. అక్కడ ఐటీ సపోర్ట్ వాళ్లకి మెసేజ్ పెట్టారు: రాత్రి పార్టీలో ఫోన్ పోయింది, లాగిన్‌కి టోకెన్ కావాలి అని. పాపం, ఇచ్చేశారు. ఫిఫా 21 సోర్స్ కోడ్‌తో సహా 780 గిగాబైట్లు పట్టుకుపోయామని దొంగలే చెప్పుకున్నారు.

ఆ కుర్చీలో నువ్వు కూర్చోబోతున్నావు. చిన్నప్పటి నుంచీ ఎవరైనా బతిమాలితే కాదనలేవు నువ్వు. అదే నా భయం.

ఫోన్ పోయిందని ఎవరైనా అంటే, వాళ్లిచ్చిన నెంబరుకి కాదు, కంపెనీ రికార్డులో ఉన్న నెంబరుకి నువ్వే చెయ్యి. అదీ పోయిందంటే వాళ్ల మేనేజర్‌ని లైన్లోకి పిలువు. విసుక్కుంటారు, పైవాళ్లకి చెప్తామంటారు. చెప్పుకోనీ.

వాల్వ్ అనే గేమ్ కంపెనీ సంగతీ తెలుసుకో. హాఫ్-లైఫ్ 2 కోడ్ 2003లో బయటికి పోయింది. ఆ ఆట వచ్చింది 2004 నవంబర్‌లో. ఆలస్యానికి దొంగతనం ఒక్కటే కారణం కాదు, అప్పటికి ఆట పూర్తే కాలేదు. కానీ ఏళ్ల తరబడి చెక్కుతున్న బొమ్మని సగంలో ఉండగానే లాక్కెళ్లి సంతలో పెడితే, చెక్కినవాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించు. నువ్వు కాపలా కాసేది వాళ్ల కష్టానికి.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి. నా పాత ఉద్యోగంలో ఒకతను ఫోన్లో, "సార్, క్లయింట్ వెయిట్ చేస్తున్నాడు, ప్లీజ్" అంటే పాస్‌వర్డ్ మార్చి ఇచ్చాను. అతను వారం కిందటే ఉద్యోగం మానేశాడని ఆ సాయంత్రమే తెలిసింది. సిగ్గుతో రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇచ్చినదానికంటే ఆ రెండు రోజులే ఎక్కువ నష్టం చేశాయి. వెంటనే చెప్పి ఉంటే ఆ అకౌంట్ నిమిషంలో మూసేసేవాళ్లు.

చేరిన రోజే అడిగి తెలుసుకో, రాత్రి రెండింటికి అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో. ఆ నెంబరు కాగితం మీద రాసి దగ్గర పెట్టుకో.

మీ పెదనాన్న