ఘాట్ దిగితే పెడల్ ఎందుకు అదురుతోంది?

ప్రశ్న: కొత్త డిస్కులు, ప్యాడ్లు వేయించినా శ్రీశైలం ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ అదురుతోంది. రంధ్రాల డిస్కులు వేయిస్తే పోతుందా?

జవాబు: పోదు. రంధ్రాలు చూపుకు బాగుంటాయి గానీ, పదేపదే వేడెక్కితే పగుళ్లు వాటి అంచుల్లోనే మొదలవుతాయి. మామూలు కారుకు కంపెనీ డిస్కులే చాలు.

అదురుకు చాలాసార్లు కారణం డిస్కు వంకర కాదు, ప్యాడ్ పదార్థం దాని మీద సమంగా పరుచుకోకపోవడం. హబ్ మీది తుప్పు గీకకుండా డిస్కు బిగించినా ఇదే గోల. ముందు మెకానిక్‌కు హబ్ చూపించాలి.

తర్వాత బెడ్డింగ్, అంటే ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకునేలా చేయడం. ప్యాడ్ల పెట్టెపై సూచనలుంటే అవే పాటించాలి. లేకుంటే ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కి.మీ. వేగాన్ని 10కి, చక్రాలు జారకుండా, 8–10 సార్లు తగ్గించాలి. మధ్యలో పూర్తిగా ఆపకూడదు. ఆపితే వేడి ప్యాడ్ నొక్కుకున్న చోట డిస్కు మీద మచ్చ పడుతుంది. ఆపై వీలైనంత వరకు బ్రేకు తొక్కకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వాలి.