గట్టి స్ప్రింగులకన్నా ముందు

చిరంజీవి చిన్నాకి,


నువ్వు కొత్త టయోటా జీఆర్ 86 కొన్నావని మీ అమ్మ చెప్పినప్పుడు చాలా సంతోషించాను. ఇప్పుడు దానికి గట్టి స్ప్రింగులున్న కాయిలోవర్లు (స్ప్రింగూ డ్యాంపరూ కలిసి, ఎత్తు మార్చుకోగలిగేవి) వేయించి రెండంగుళాలు కిందికి దించుతానని రాశావు. ఆస్టిన్‌లో రోజూ ఆఫీసుకి వెళ్ళేదీ, ఎప్పుడైనా సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ రేస్ ట్రాక్ మీద తిప్పేదీ ఆ ఒక్క కారే. డెట్రాయిట్‌లో ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది సస్పెన్షన్ పనే కాబట్టి, డబ్బు కట్టేముందు నా మాట కాస్త విను.

టైర్లను నేలకి ఆనించి ఉంచడమే సస్పెన్షన్ అసలు పని. గతుకు మీద టైరు పైకి లేచిందంటే ఆ క్షణంలో స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు. స్ప్రింగు మరీ గట్టిదైతే జరిగేది అదే. ట్రాక్ నున్నగా ఉంటుందిలే అనుకోకు. 2021లో మోటోజీపీ రైడర్లు నువ్వు వెళ్ళే ఆ ట్రాక్ ఎగుడుదిగుళ్ళ మీదే గట్టిగా మొరపెట్టుకున్నారు. ఇక మీ ఊరి రోడ్ల సంగతి నీకే తెలుసు.

అందుకని ముందు అలైన్‌మెంట్ చూడు. నీ కారు ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంది. ఫ్యాక్టరీ నుంచి ముందు చక్రాలకి క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి పక్కకి వాలిన కోణం, దాదాపు సున్నా. మలుపులో బండి పక్కకి ఒరిగినప్పుడు చక్రం కూడా బయటికి ఒరుగుతుంది, బరువంతా టైరు బయటి అంచు మీద పడుతుంది. నువ్వు వెళ్ళే ట్రాక్‌లో 16, 17, 18 మలుపులు ఒకదాని వెంట ఒకటిగా కుడికే తిరుగుతాయి. అంతసేపూ ఎడమవైపు ముందు టైరు అంచు అరుగుతూనే ఉంటుంది. క్యాంబర్ బోల్టులు వేయిస్తే చక్రం పైభాగం ఒక డిగ్రీకి పైగా లోపలికి వాలుతుంది. ఖర్చు తక్కువ, తేడా మొదటి ల్యాపులోనే తెలుస్తుంది. ఇంకా కావాలంటే క్యాంబర్ ప్లేట్లు వేయించి రెండు, రెండున్నర డిగ్రీల దాకా పోవచ్చు గానీ, రోడ్డు చప్పుడు కారు లోపలికి వస్తుంది. టో, అంటే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మాత్రం సున్నాకి దగ్గరగా ఉంచు. రోజువారీ తిరుగుడులో టైర్లని క్యాంబర్‌కన్నా టో ఎక్కువగా తినేస్తుంది.

రెండంగుళాలు దించే ఆలోచన మానుకో. స్ట్రట్ ఉన్న కారుని బాగా దించితే కింది ఆర్మ్ బయటి కొస పైకి తిరుగుతుంది. అప్పుడు రోల్ సెంటర్, అంటే మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, కారు బరువు కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి జారుతుంది. తగ్గుతుందనుకున్న ఒరుగుడు పెరుగుతుంది. స్ట్రట్ కదిలే చోటు కూడా తగ్గి, చిన్న గతుక్కే దాని కదలికని ఆపే బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది. ముప్పావు అంగుళం దాటొద్దు.

ఖర్చు పెట్టదలిస్తే మంచి డ్యాంపర్ల మీద పెట్టు. స్ప్రింగుని రెట్టింపు గట్టిది చేసినా కారు ఊగే వేగం 1.4 రెట్లే అవుతుంది. కానీ దాన్ని అదుపులో పెట్టాల్సిన డ్యాంపర్ పాతదే అయితే, గతుకు దాటాక బండి ఎగురుతూనే ఉంటుంది. కాబట్టి స్ప్రింగూ డ్యాంపరూ జోడీగా తయారుచేసి, డ్యాంపర్ పనితీరు కొలిచిన డైనో గ్రాఫ్ చూపించగలిగిన వాళ్ళ దగ్గరే కొను. డ్యాంపర్ గట్టిదనం మార్చుకోవడానికి ముప్ఫై క్లిక్కులున్నాయని మురిసిపోకు. రోడ్డు టైర్ల మీద తిరిగే కారుకి ఊగే వేగం రెండు హెర్ట్జ్, అంటే సెకనుకి రెండు ఊపులు, దగ్గర ఆగడం మేలు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడి ఒక్క సంగతి చూసుకో. ఆర్మ్‌ల బుష్ బోల్టుల్ని కారు గాల్లో వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకూడదు. అలా బిగిస్తే బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలితిరిగి, ఆ మెలికలోనే ఉండి తొందరగా చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే టార్క్ రెంచ్ పెట్టమను. కొన్నాళ్ళు నడిపాక మళ్ళీ ఒకసారి సరిచూడమను.

ట్రాక్‌కి వెళ్ళేముందు టైరు అంచు మీద సుద్దతో అడ్డగీత గీయి. సెషన్ అయ్యాక గీత ఎంతవరకు చెరిగిందో చూస్తే, టైరు ఎంత పక్కకి దొర్లుతోందో తెలుస్తుంది. గాలి ఎంతుందో అప్పుడే నోటుపుస్తకంలో రాసుకో. ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యి. స్ప్రింగులూ యాంటీ రోల్ బారూ టైర్లూ ఒకేసారి మారిస్తే, ఏది మేలు చేసిందో ఏది చెడగొట్టిందో ఎవరూ చెప్పలేరు.

సస్పెన్షన్ జోలికి పోకముందే ఎక్కువ వేడి తట్టుకునే బ్రేక్ ఫ్లూయిడూ, మంచి ప్యాడ్లూ వేయించు. కొత్త జీఆర్ 86 కొన్నవాళ్ళకి నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ ట్రాక్ శిక్షణ ఒకటి ఉచితంగా ఇస్తారు, అది వదులుకోకు. పక్కన కూర్చున్న శిక్షకుడు ఏం చెప్పాడో, నీ సుద్దగీతలు ఎలా చెరిగాయో నాకు రాయి. ఏ డ్యాంపర్లు కొనాలో అవి చూశాక ఇద్దరం కలిసి తేల్చుకుందాం.

జాగ్రత్త నాయనా.

మీ మావయ్య