పాత బొమ్మకు కొత్త రంగు



ఈ సెలవుల్లో మీ పిల్లల చేత ఒక గట్టి ప్లాస్టిక్ బొమ్మకు రంగులు వేయించండి. ఎంతో ఇష్టంగా దాచుకున్న బొమ్మ వద్దు. మూలన పడి ఉన్న దానితో మొదలుపెట్టండి.

1. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. జిడ్డు ఉంటే రంగు పట్టదు.
2. 400 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి, మెల్లగా రుద్ది తుడవండి.
3. ప్లాస్టిక్‌కు వాడే ప్రైమర్‌ను ఆరుబయట మీరే స్ప్రే చేయండి.
4. అక్రిలిక్ రంగును పల్చగా రెండు మూడు పూతలు వేయించండి. పిల్లలు తొందరపడేది ఇక్కడే. ఒక పూత ఆరకముందే మరొకటి వేస్తే పైకి లేచిపోతుంది. చిక్కగా వేస్తే కళ్లు, ముక్కు పూడిపోతాయి.
5. చివరగా వార్నిష్ పూయండి.

నోట్లో పెట్టుకునే వయసు తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే, ఆ బొమ్మ అందకుండా పైన పెట్టండి.

రంగు పాడైతే మీరు దిద్దవద్దు. ఆరాక, వాళ్లనే మళ్లీ వేయనివ్వండి.