చెప్పింది నిజమైనంత మాత్రాన

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి,

ముక్కూ మొహం తెలియని మనిషి "దేవుడు నాకు చూపించాడు" అంటూ మన ఇంటి సంగతి ఉన్నదున్నట్టు చెబితే నమ్మకుండా ఎలా ఉంటామని అడిగావు. మనలో చాలామంది పడిపోయేది అక్కడేనమ్మా. చెప్పింది నిజమైతే చాలు, అది దేవుని దగ్గరనుంచే వచ్చిందనుకుంటాం. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తీసి చూడు. ఫిలిప్పీలో సోదె చెప్పే దాసి పిల్ల పౌలు, అతని జతగాడు సీల వెంటపడి, వీళ్లు సర్వోన్నతుడైన దేవుని సేవకులని, రక్షణ మార్గం చెబుతున్నారని చాలా రోజులు కేకలు వేసింది. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. కొత్త ఊళ్లో అడగకుండానే సాక్ష్యం దొరికింది కదా అని పౌలు ఊరుకోలేదు. ఆమెలోని ఆత్మను వెళ్లగొట్టాడు. ఆ గ్రంథం రాసిన లూకా ఇంకో సంగతి కూడా రాశాడు. ఆ సోదె మీద ఆమె యజమానులకు బోలెడు రాబడి. పిల్ల బాగుపడిందని వాళ్లు సంతోషించలేదు, ఆదాయం పోయిందని పౌలునూ సీలనూ చావడికి ఈడ్చుకుపోయారు. కాబట్టి మాట నిజమా కాదా అని చూసి ఆగిపోకూడదు. అది ఎవరి పని చేసిపెడుతోందో, విన్నవాళ్లను ఎటు తిప్పుతోందో కూడా చూడాలి. ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయం చెప్పేదీ ఇదే: ప్రవక్త చెప్పిన సూచన జరిగినా సరే, అతను వేరే దేవుళ్ల వైపు పిలిస్తే వినకూడదు. అరణ్యంలో యేసును శోధించినవాడు కూడా కీర్తనల్లోని మాటే ఎత్తాడు.

ఇప్పుడు ఆసుపత్రి వార్డులో రోగి మంచం పక్కకు వచ్చి నిలబడే మనిషిని ఊహించుకో. "మీ ఇంట్లో ఏదో బంధకం ఉందమ్మా, డబ్బు నిలవడం లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు" అంటారు. ఆసుపత్రి మెట్లెక్కిన ఏ కుటుంబానికి డబ్బు నిలుస్తుంది, ఎవరికి నిద్ర పడుతుంది? ఆ తర్వాత వచ్చే మాటలను జాగ్రత్తగా విను. మొదట భయం పెడతారు. మీ పాస్టరుగారికి చెప్పవద్దు, ఆయనకు ఈ లోతులు తెలియవంటారు. ఈ రాత్రి దాటితే లాభం లేదని తొందరపెడతారు. చివరికి తైలం సీసా, ఫోన్‌పే నంబరు బయటికొస్తాయి. పదిమందికి పంపితేనే దీవెన అంటూ ఫోనుకు వచ్చే మెసేజీ కూడా ఈ కోవలోదే. క్రీస్తు ఉచితంగా ఇచ్చినదానికి షరతు పెడుతుంది. ఎలీషా ప్రవక్త, కుష్ఠు బాగైన నయమాను దగ్గర ఏమీ పుచ్చుకోలేదు. చాటుగా పరుగెత్తి పుచ్చుకున్న అతని సేవకుడు గేహజీకి అదే కుష్ఠు అంటుకుంది. తొలినాటి సంఘాల కోసం రాసిన దిదఖే అనే చిన్న పుస్తకమైతే, ఆత్మ పేరు చెప్పి తన కోసం డబ్బు అడిగే ప్రవక్త మాట వినవద్దని సూటిగా చెబుతుంది. అదే అవసరంలో ఉన్న ఇతరుల కోసం అడిగితే అతనికి తీర్పు తీర్చవద్దని కూడా అంటుంది. ఎంత న్యాయంగా ఆలోచించారో చూడు.

ఇలా పరీక్షించబోతే, అభిషిక్తులను ముట్టకూడదు కదా అంటారు కొందరు. 105వ కీర్తనలో ఆ మాట పరాయి రాజుల చేతుల్లోంచి దేవుడు కాపాడిన మన పితరుల గురించినది. వాళ్లకు హాని చేయవద్దని దాని భావం, బోధకుణ్ణి ప్రశ్నించవద్దని కాదు. పౌలంతటివాడి బోధనే బెరయ అనే ఊరివాళ్లు రోజూ లేఖనాలు తిరగేసి సరిచూసుకున్నారు, అందుకే లూకా వాళ్లను మెచ్చుకున్నాడు. తీర్పు తీర్చవద్దన్న మత్తయి 7వ అధ్యాయంలోనే గొర్రెతోలు కప్పుకొని వచ్చే తోడేళ్ల గురించిన హెచ్చరికా ఉంది. ప్రవచనాన్ని తోసిపారేస్తే ఆత్మను ఆర్పినట్టు కాదా అన్నది మాత్రం బరువైన ప్రశ్న, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు ప్రవచించడాన్ని తృణీకరించవద్దన్నాడు, ఆ వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. రెండూ కలిపి పట్టుకోవాలి. దేవుని మాటైతే పరీక్షకు నిలుస్తుంది, తెల్లవారినా చెడిపోదు.

అలాగని కనిపించిన ప్రతివాళ్లలో దయ్యాన్ని వెతకవద్దు. అది కూడా మోసమే, ప్రేమను చంపేస్తుంది. నీతో మాట్లాడే ఆ మనిషి కూడా ఫిలిప్పీ పిల్లలాగా ఇంకొకరి చేతిలో చిక్కుకుని ఉండవచ్చు. పౌలు ఆత్మను గద్దించాడు, ఆ పిల్లను కాదు. అందుకే మర్యాదగా ఒక్క మాట అను: "ఈ సంగతి మా సంఘపెద్దలకు చెప్పి, ప్రార్థన చేసుకుని రేపు మీకు చెబుతాను." ఆ మాటకు వాళ్ల ముఖం ఎలా మారుతుందో చూడు. ఆ రోజు మాత్రం డబ్బు ఇవ్వకు, ఏ మాటా ఇవ్వకు.