ద్విపక్ష పద్ధతి – మూడవ పక్షము

రాజనీతిశాస్త్రమున ద్విపక్ష పద్ధతిని గూర్చి చెప్పునప్పుడు దాని సుగుణములను ముందుగా పేర్కొనుట పరిపాటి. అధికారము ఒక పక్షమునది, బాధ్యతయు దానిదే. పాలన నచ్చనిచో ఓటరు రెండవ పక్షమునకు పట్టము కట్టును. ఇందు సత్యము లేకపోలేదు. కాని ఈ సౌలభ్యమునకు వెల చెల్లించువారెవరో కూడ చూడవలెను.

1983 నాటి బ్రిటిష్ సార్వత్రిక ఎన్నికలలో లేబర్ పార్టీకి నూటికి 27.6 ఓట్లు రాగా 209 స్థానములు లభించెను. లిబరల్, సోషల్ డెమొక్రాటిక్ పార్టీల కూటమికి 25.4 ఓట్లు వచ్చినను దక్కినవి 23 స్థానములే! ఓట్లలో అంతరము రెండు పైచిలుకు. స్థానములలో తొమ్మిది రెట్లు. నియోజకవర్గమున అందరికంటె ఎక్కువ ఓట్లు పొందిన ఒక్కరికే గెలుపు గనుక, అనేక చోట్ల రెండవ స్థానమున నిలిచిన కూటమి శ్రమ వృథా అయ్యెను. ఇట్టి లెక్కింపు విధానమే రెండు పక్షములను పోషించునని ఫ్రెంచి పండితుడు మారిస్ దువెర్జే 1951లో ప్రకటించిన గ్రంథమున వివరించెను.

మన అనుభవము మరింత ఆసక్తికరము. 2009లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు జరిగిన ఎన్నికలలో ప్రజారాజ్యం పార్టీ నూటికి పదహారుకు పైగా ఓట్లు పొంది, 294 స్థానములలో 18 మాత్రమే గెలిచెను. ఆ ఎన్నికలలోనే నూటికి ఒక్క ఓటైనను నిండని మజ్లిస్ పార్టీ 7 గెలిచెను. దాని ఓట్లు హైదరాబాదు పాతబస్తీ ప్రాంతమున కుదురుకొని యుండుటయే కారణము. కావున ఈ పద్ధతి చిన్న పక్షముల నన్నింటిని శిక్షింపదు. చెదరియున్న వారిని శిక్షించును. అల్పసంఖ్యాకులు గుంపుగా నివసించుచోట వారి వాణి సభలో వినబడును. ఊరికి పది ఇండ్లుగా ఉన్నచోట పెద్ద పక్షముల దాక్షిణ్యమే వారికి దిక్కు. (ఆ పక్షముల బలము సరిసమానమైన ఊరిలో మాత్రము ఆ పది ఇండ్ల గడపలే అరుగును!)

అయినచో గెలువలేని పక్షమునకు వేసిన ఓటు వ్యర్థమేనా? స్థానములను మాత్రమే లెక్కించుట పొరపాటని నా అభిప్రాయము. అమెరికాలో పాపులిస్టు పార్టీ 1892 అధ్యక్ష ఎన్నికలో ఓడిపోయెను. ఆదాయపు పన్ను, సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకొనుట అది నాడు కోరినవే. 1913లో ఆ రెండును రాజ్యాంగ సవరణలైనవి. అప్పటికి ఆ పార్టీ కనుమరుగైనది. దాని కోరికలను నెరవేర్చిన ఖ్యాతి పెద్ద పక్షములకు దక్కెను.