కరెంటు బిల్లులో దోషి ఎవరు?

పామర్రులో ఒక ఇల్లు అనుకుందాం. కరెంటు బిల్లు వచ్చింది. అది చూడగానే తండ్రిగారి చూపు పదో తరగతి చదివే కొడుకు మీద పడింది. "అర్ధరాత్రి దాకా లైటు వేసుకుని కూర్చుంటే బిల్లు ఇంతగాక ఎంతొస్తుందిరా?" అన్నారు. అబ్బాయి దగ్గర జవాబు లేదు. అతని తరఫున మనం లెక్క కట్టి చూద్దాం.

బల్బు మీద 9 వాట్లు అని ఉంది. బిల్లులో ఉన్నవి యూనిట్లు. ఈ రెండూ ఒకటి కావు, చిక్కంతా ఇక్కడే. కృష్ణా డెల్టా పిల్లలకు ఇది చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు ఇన్ని క్యూసెక్కులు వదిలారని మీరు వింటూనే ఉంటారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అది ప్రవాహపు జోరు. బ్యారేజీలో సుమారు 3 టి.ఎం.సి.ల నీరు నిలుస్తుందన్నప్పుడు మాత్రం మనం చెప్పేది నీటి మొత్తం. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కుల చొప్పున ఒక పగలూ ఒక రాత్రీ పారితే ఒక టి.ఎం.సి. అవుతుంది.

వాట్ క్యూసెక్కు లాంటిది. సెకనుకు ఒక జౌల్ శక్తి ఖర్చయితే ఆ జోరు ఒక వాట్. మీ పాఠ్యపుస్తకంలో దీన్నే సామర్థ్యం అంటారు. యూనిట్ టి.ఎం.సి. లాంటిది, ఖర్చయిన శక్తి మొత్తం. 1,000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్. పూర్తి పేరు కిలోవాట్-గంట. అంటే 1,000 × 3,600, 36 లక్షల జౌళ్ళు! "గంటకు ఇన్ని కిలోవాట్లు కాలింది" అని పెద్దవాళ్ళు కూడా అంటూంటారు. అది తప్పు. 'సెకనుకు' అనే మాట వాట్‌లోనే ఇమిడి ఉంది. కిలోవాట్లను గంటలతో గుణించాలి, భాగించకూడదు.

ఇక అబ్బాయి సంగతి. 9 వాట్ల బల్బు రోజుకు 4 గంటలు వెలిగితే 36 వాట్-గంటలు. నెలకు 1,080, అంటే ఒక యూనిట్ పైచిలుకు, అంతే. అదే ఇంట్లో 75 వాట్ల పాతరకం ఫ్యాన్లు మూడు, రోజుకు 16 గంటల చొప్పున తిరుగుతున్నాయి. 3 × 75 × 16 = 3,600 వాట్-గంటలు. నెలకు 108 యూనిట్లు! వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె రోజూ పావుగంట వాడినా నెలకు ఏడున్నర యూనిట్లు దాటదు. కంటికి వెలిగేదాన్నీ, చెయ్యి కాల్చేదాన్నీ అనుమానిస్తాం గాని, నెత్తిమీద చల్లగా తిరిగేదాన్ని ఎవరూ అనుమానించరు.

ఈ లెక్కను మీటరు దగ్గర సరిచూడవచ్చు. పాత మీటర్లలో అల్యూమినియం పళ్ళెం తిరిగేది. ఎలక్ట్రానిక్ మీటర్లలో చిన్న ఎర్రదీపం మినుకుతుంది. యూనిట్‌కు ఎన్ని మినుకులో మీటరు మీదే రాసి ఉంటుంది. 3200 అని ఉంటే ఒక్కో మినుకుకు 36,00,000 ÷ 3,200 = 1,125 జౌళ్ళు. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని, మిగతావన్నీ ఆపి ఒక్క ఫ్యాను వేయండి. మినుకుకూ మినుకుకూ మధ్య 15 సెకన్లు పట్టిందా? 1,125 ÷ 15 = 75 వాట్లు. ఇస్త్రీపెట్టెకైతే సెకను పైచిలుకు చాలు. అబ్బాయి బల్బు ఒక్కటే వెలుగుతూంటే రెండు నిమిషాల 5 సెకన్లు కాచుకు కూర్చోవాలి. మీటరును మాత్రం ముట్టుకోవద్దు, ఎడంగా నిలబడి చూస్తే చాలు.

అన్ని స్విచ్చులూ ఆపాక కూడా దీపం మినుకుతూనే ఉంటే ఎక్కడో కరెంటు ఖర్చవుతోందన్నమాట. టి.వి.ని రిమోట్‌తో మాత్రమే ఆపారేమో చూడండి. అలాంటివేవీ లేకపోతే వైరింగు చూడడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవమని ఇంట్లో చెప్పండి.