మందుల షాపు తెరుస్తున్న మేనల్లుడికి



సోంపేటలో మందుల షాపు తెరుస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమయ్యింది. నా ఉద్యోగమంతా మందుల మధ్యే గడిచింది కాబట్టి ఒక్క సంగతి గట్టిగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ దగ్గరకు రోజూ వచ్చే మాట "నొప్పి బిళ్ల ఇయ్యి బాబూ" అన్నదే. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు, కొబ్బరిచెట్లెక్కేవాళ్లు, వలలు లాగేవాళ్లు వస్తారు. వాళ్ల నొప్పి నిజం, పనికెళ్లకపోతే కూలి లేదన్నదీ నిజం. ఎవరినీ కసురుకోకు. అలాగని అడిగిందల్లా ఇచ్చెయ్యకు.

సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో నొప్పి బిళ్లలంటే కిడ్నీల భయం ఉంది. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలకపోయినా, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి బిళ్లలు కిడ్నీలను దెబ్బతీయగలవన్నది తేలిన విషయమే. ఆ భయం మంచిదే. పేగుల సంగతి మాత్రం ఎవరూ తలచుకోరు. గ్యాస్ బిళ్ల కలిపి వేసుకుంటే చాలనుకుంటారు. ఆ బిళ్ల కాపాడేది జీర్ణాశయాన్ని, దాని కిందే ఉండే కొద్ది భాగాన్ని. మిగతా చిన్నపేగుకు దానివల్ల రక్షణ లేదు. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో 40 మంది ఆరోగ్యవంతులకు రెండు వారాలు నొప్పి బిళ్ల డైక్లోఫెనాక్‌తో పాటు గ్యాస్ బిళ్ల ఒమెప్రజోల్ కూడా ఇచ్చి, కెమెరా ఉన్న గొట్టం బిళ్ల మింగించి చూశారు. 27 మంది చిన్నపేగులో కొత్తగా దెబ్బలు కనిపించాయి.

ఎలా జరుగుతుందో తెలుసుకో. నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలే పేగు లోపలి పొరకు జిగురునూ రక్తాన్నీ అందిస్తాయి. బిళ్ల వాటిని ఆపేస్తే పొర బలహీనపడుతుంది. పైత్యరసం, సూక్ష్మజీవులు లోపలికి చొరబడి వాపు, పుళ్లు వస్తాయి. డైక్లోఫెనాక్ కాలేయం నుంచి పైత్యరసంలో కలిసి మళ్లీ పేగులోకే దిగుతుంది. అందుకే దాని సూదిమందు పేగుకు ఏమీ చెయ్యదనుకోవడం పొరపాటు. ఏళ్లతరబడి వాడితే కొందరిలో పుండు మానిన చోట పేగు ఇరుకైపోతుంది.

అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, కడుపులో మంటైనా లేకుండా రక్తం కొద్దికొద్దిగా పోతుంటుంది. మనిషి పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే "తిండి చాలక" అనేస్తారు. రక్తం తక్కువైన మనిషి ఎదురుగా నిలబడితే, నొప్పి బిళ్లలు ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారని అడిగేది నువ్వే కావాలి.

ఇంకా అడుగు: మరో చోట కొన్న బిళ్ల ఉందా? కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ ఉందని వాళ్లకు తెలియదు, దాని మీద మరొకటి వేసుకుంటారు. గుండెకు ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందు, స్టెరాయిడ్లు వాడుతున్నారా? కిడ్నీ జబ్బుందా? డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. మామూలు ఒళ్లునొప్పికి, కాలేయ జబ్బూ తాగుడూ లేకపోతే, మోతాదు దాటకుండా వాడితే పారాసెటమాల్ చాలు. కాపడం పెట్టుకోమను, పనిలో మధ్యమధ్య లేచి నడవమను. కీళ్లవాతానికి గానీ గుండెకు గానీ డాక్టరు రాసిన మందు మాత్రం నీ మాటతో ఆపించకు, డాక్టరు దగ్గరకే మళ్లీ పంపు.

మలం తారులా నల్లగా జిగటగా పోతున్నా, రక్తం పడుతున్నా, కడుపు మెలిపెట్టి వాంతులవుతున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా వెంటనే టెక్కలి జిల్లా ఆసుపత్రికో శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికో పంపించు. ఐరన్ బిళ్లలతో కూడా మలం నల్లబడుతుంది, అదీ అడుగు. అనుమానముంటే ఆసుపత్రికే పంపు. తొందరగా పట్టుకుని బిళ్ల ఆపితే పేగు చాలామందికి మానుతుంది.

ఇలా అడుగుతూ కూర్చుంటే బేరం పోతుందని పక్కవాళ్లు అంటారు. కొంత పోనీ. మన ఊళ్లలో చాలామందికి డాక్టరు కన్నా ముందు కనిపించేది మందుల షాపే. అక్కడ నిలబడేవాడు అడగకపోతే ఇంకెవరూ అడగరు.

ఆశీస్సులతో,
మావయ్య